దిండు మీద గుంట

అయినా దిండు అబద్ధం చెప్పదు, అనుకుంది ఆమె, దాని చెవులు రెండూ పట్టుకుని గాల్లో ఒక్క విసురు విసురుతూ. మనిషి చెప్తాడు. రాత్రి హాయిగా నిద్రపట్టిందండీ అని ఎదురుగా నిలబడి నవ్వుతాడు. గదిలోకి వెళ్ళి చూస్తే దిండు నిండా గుంటలు, తల ఎక్కడ పెట్టినా కుదరనట్టు. కొందరి దిండు నడుం దగ్గర నలిగి ఉంటుంది, తెల్లవార్లూ దాన్ని కావలించుకుని పడుకున్నారన్నమాట. మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోకుండా పడుకున్న మంచం కూడా ఇట్టే తెలిసిపోతుంది. దుప్పటి అటూ ఇటూ నలిగిపోయి, మధ్యలో మాత్రం బాట వేసినట్టు నున్నగా ఉంటుంది. ఇంతమంది నిద్రలు చూసింది తను. తన నిద్ర ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ చూసుకోలేదు. కళ్ళు పూర్తిగా తెరుచుకునేలోపే చెయ్యి వెళ్ళి దిండు మీద ఒక్కటి చరుస్తుంది. గుంట పోతుంది.

ఇప్పుడూ పోయింది. ఆమె దిండుని తలవైపు ఆనించి, గలీబు నోరు గోడవైపుకి తిప్పింది. గుమ్మంలో నిలబడ్డవాళ్ళకి ఆ నోరు కనిపించకూడదు. దుప్పటి అంచు పరుపు కిందకి దోపి, మూల దగ్గర పైకెత్తి, కవరు మూసినట్టు మడిచి, అరచేతి అంచుతో ఒక్క గీత గీసింది. ఆ మూల మడత ఆమెది. హోటల్లో ఆమె కింద పనిచేసే అమ్మాయిలందరూ అదే మడత వేస్తారు, కానీ ఏది ఆమె వేసిందో, ఏది వాళ్ళు వేసిందో కారిడార్లోంచే చెప్పొచ్చు. ఆ అమ్మాయిలు చాటుగా ఆమెని ఇస్త్రీపెట్టె అంటారు. ఆ సంగతి ఆమెకి తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా.

"నన్ను కూడా కలిపి మడిచేస్తావా, లేవనా?" అన్నాడు భర్త, మంచం అవతలి సగంలో ఇంకా పడుకునే ఉండి.

"లేవండి. సగం మంచం వేస్తే చూడ్డానికి ఏం బావుంటుంది?"

"ఎవరు చూస్తారే?"

నిజమే, ఇది హోటలు కాదు. ఊరు కాని ఊళ్ళో, మూడో అంతస్తులో, వారానికి అద్దెకి తీసుకున్న ఫ్లాటు. రెండు పడగ్గదులు, ఒక హాలు, హాల్లోనే ఓ మూల వంట గట్టు. హోటలు వద్దని పట్టుబట్టింది ఆమే. హోటల్లో దిగితే నాకది సెలవు కాదు, డ్యూటీ అంది. ఫ్లాటయితే పొద్దున్నే ఇంత తిని బయటపడి, ఊరంతా తిరిగి, ఓపిక అయిపోయినప్పుడు వచ్చి కాళ్ళు చాపుకోవచ్చు అంది. అంతా ఆమె అన్నట్టే జరుగుతోంది. కాకపోతే ఊరు తిరగడం మిగతా ముగ్గురే తిరుగుతున్నారు.

హాల్లో అత్తగారు కిటికీ పక్క కుర్చీలో కూర్చుని బిస్కెట్టు కొరుకుతోంది. ఒళ్ళోంచి పొడి నేల మీదకి రాలుతోంది.

"అత్తయ్యా, కింద ప్లేటు పెట్టుకోండి."

"ఏం లాభం? నా చేతిలో ఉండగానే లాక్కెళ్ళి కడిగేస్తావు."

కూతురు బూట్ల తాళ్ళు కట్టుకుంటూ నవ్వింది. కాలేజీ పిల్ల, ఈ వారానికి వేసుకున్న పథకాలన్నీ ఆ పిల్లవే. "అమ్మా, ఇవాళ మ్యూజియం. నాన్నకి పాత బస్సుల గది ఉందట అందులో. నువ్వూ వస్తున్నావు."

"మీరు నడుస్తూ ఉండండి. ఈ స్టవ్వొక్కటి తుడిచి వచ్చేస్తా."

"నిన్నా ఇదే అన్నావు."

"నిన్న అన్నది ఫ్రిజ్జు గురించి."

"ఇది వచ్చినా అక్కడ బొమ్మల మీద దుమ్ము తుడుస్తుందిరా," అంది అత్తగారు కొడుకుతో. "కాపలావాళ్ళు పట్టుకుంటారు. ఇక్కడే ఉండనీ."

భర్త సిటీ బస్సు డ్రైవరు. ఈ ఊళ్ళో బస్సెక్కినప్పుడల్లా డ్రైవరు వెనక సీటు చూసుకుని కూర్చుంటాడు, మలుపు వస్తే కుడికాలితో నేలని తొక్కుతాడు. ఎవరి పిచ్చి వాళ్ళకుంటుందని అతనికి తెలుసు. తలుపు దగ్గర ఆగి, "నీ టిక్కెట్టు కూడా తీసి ఉంచుతాం," అని మాత్రం అన్నాడు.

వాళ్ళు వెళ్ళిపోయాక ఇల్లు సద్దుమణిగింది. ఆమె స్టవ్వు మీది ఇనప చట్రాలు తీసి వేడినీళ్ళలో వేసింది. ఎవరో ఎప్పుడో పొంగించిన పాలు చట్రం అడుగున నల్లగా పెచ్చుకట్టి ఉన్నాయి. పాత చెంచా వెనకవైపుతో గీకుతుంటే పెచ్చు ఊడి వచ్చింది, అడుగున ఇనుము మెరిసింది. గుండెల్లో ఏదో సర్దుకున్నట్టయింది. మ్యూజియంలో ఇంతకంటే ఏం దొరుకుతుంది?

బెల్లు మోగింది.

గుమ్మంలో ఒక సన్నటి మనిషి నిలబడి ఉంది. ఒక చేతిలో బకెట్టు, రెండో చేత్తో వాక్యూమ్ మిషన్ని, మొండికేసిన దూడని లాక్కొచ్చినట్టు, గొట్టం పట్టుకుని లాగుతోంది. "వారం మధ్యలో ఒకసారి శుభ్రం చెయ్యాలి మేడమ్. మీ అద్దెలోనే కలిసి ఉంటుంది," అంది.

"రా అమ్మా."

పనావిడ చిన్న గదిలోకి వెళ్ళి వచ్చింది. పెద్ద గదిలోకి వెళ్ళి వచ్చింది. బాత్‌రూమ్ తలుపు తీసి, చూసి, మెల్లగా వేసింది. బయటికి వచ్చిన ప్రతిసారీ మొహం ఇంకాస్త చిన్నదయింది.

"ఈ ఫ్లాట్లో ఎవరూ దిగలేదా మేడమ్?"

"దిగాం కదా. నలుగురం."

"మరి?"

ఆమె నవ్వింది. తన పనికి ఇంత మంచి మెప్పు ఈమధ్య ఎవరూ ఇవ్వలేదు. తను హోటల్లో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్నని, చేతులు ఊరుకోవని చెప్పింది. పనావిడ మళ్ళీ పెద్ద గది గుమ్మం దాకా వెళ్ళి, మంచం మూల మడత మీద వేలు పెట్టి చూసింది, తగిలితే తెగుతుందేమో అన్నట్టు.

"ఇవాళ నీకూ సెలవే అనుకో," అంది ఆమె. "కూర్చో. టీ పెడతాను."

పనావిడ కుర్చీ అంచు మీద కూర్చుంది. కూర్చుని నేలకేసి చూస్తోంది, చెవి అటు పెట్టి. కాసేపటికి లేచి మిషను వైరు ప్లగ్గులో పెట్టి, స్విచ్చి వేసి, హాలు మధ్యలో దాన్ని అలాగే వదిలేసి వచ్చి కూర్చుంది. మిషను ఒంటరిగా గొంతెత్తి ఏడుస్తోంది.

"అదేంటి?"

"కింద ఇంటావిడ ఉంటుంది మేడమ్. చప్పుడు రాకపోతే పైకి వచ్చేస్తుంది."

ఇద్దరూ ఆ హోరులో టీ తాగారు. ఏం మాట్లాడాలన్నా అరవాల్సి వచ్చింది. మధ్యమధ్యలో పనావిడ కాలు చాపి మిషన్ని కాస్త అటు, కాస్త ఇటు తోస్తోంది. "ఒకేచోట మోగితే అనుమానం వస్తుంది మేడమ్," అంది మామూలుగా. ఆ ఉపాయానికి ఆమెకి ముచ్చటేసింది. హోటల్లో ఇలాంటి అమ్మాయి ఉంటే పట్టుకుని చీవాట్లు పెట్టి, ఆ తర్వాత సొంత షిఫ్టులోకి మార్పించుకునేది.

"ఇంకెన్ని ఇళ్ళు చేస్తావు?"

"ఈవిడ ఫ్లాట్లే మేడమ్. ఇంకో రెండున్నాయి కానీ వాటికి మరమ్మతులు. ఇదొక్కటే నడుస్తోంది ఇప్పుడు."

"బయట చూసుకోవచ్చుగా?"

"చూసుకుంటే ఈవిడ పిలిచినప్పుడు రాలేను. ఒకసారి రాకపోతే ఇంక పిలవదు."

తలుపు తట్టడం, తాళం తిరగడం ఒకేసారి వినిపించాయి. పనావిడ ఎప్పుడు లేచిందో, గొట్టం ఎప్పుడు చేతిలోకి వచ్చిందో తెలియలేదు. ఇంటావిడ లోపలికి వచ్చేసరికి నడుం వంచి సోఫా కింద పీలుస్తోంది.

ఇంటావిడ భారీ మనిషి, నవ్వు మొహం. మెట్లెక్కిన ఆయాసం తీర్చుకుంటూ పెద్ద గదిలోకి తొంగిచూసింది. అక్కడే ఆగిపోయింది.

"అబ్బ. ఏం వేశావే పక్క," అంది పనావిడతో, మిషను హోరు మీద గొంతు పెంచి. "ఇన్నాళ్ళూ ఈ పనితనం ఎక్కడ దాచుకున్నావు? ఆ మూల చూడు, కత్తితో కోసినట్టుంది."

పనావిడ తల ఎత్తలేదు. గొట్టాన్ని సోఫా కిందకి ఇంకాస్త లోపలికి తోసింది.

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం ఎంత తేలికో ఆమెకి తర్వాత తెలిసింది. గ్లాసు గట్టు మీద పెట్టి, చిన్నగా దగ్గి, కిటికీలోంచి బయటికి చూస్తే చాలు, ఆ క్షణం దాటిపోయేది. కానీ ఆ మూల మడత పరాయి మనిషి పేరు మీద గదిలోంచి బయటికి వెళ్ళిపోతోంది.

"అది నేను వేశానండి," అంది.

అని, అక్కడైనా ఆగలేదు. "హోటల్లో సూపర్‌వైజర్ని నేను. బొటనవేలితో నొక్కితే ఆ గీత రాదు. అరచేతి అంచుతో గీయాలి. స్టవ్వు కూడా చూడండి. అద్దాలు నిన్ననే అయిపోయాయి."

"అన్నీ మీరే చేశారా?" అంది ఇంటావిడ. ఆవిడ చూపు స్టవ్వు మీదకి, అద్దాల మీదకి, అక్కణ్ణుంచి గట్టు మీద పక్కపక్కన ఉన్న రెండు టీ గ్లాసుల మీదకి వెళ్ళింది. "మరి ఇదేం చేస్తున్నట్టు?"

పనావిడ వంగి స్విచ్చి ఆపింది. ఎవరివంకా చూడకుండా వైరు మోచేతికి చుట్టుకుంటూ, చుట్టుకుంటూ, మొత్తం చుట్టేసి, బకెట్టు తీసుకుని వెళ్ళిపోయింది. బకెట్టులో నీళ్ళు పట్టనే లేదు.

మర్నాడు మెట్ల దగ్గర ఇంటావిడ ఎదురుపడింది. ఆమె చేతిలో చెత్తసంచి ఉంది. ఆవిడ దాన్ని చూసి మరీ సంతోషించింది.

"మీ పుణ్యమా అని నా కళ్ళు తెరుచుకున్నాయండీ. శనివారం దాన్ని రావద్దని చెప్పేశాను. మీరెలాగూ అద్దంలా పెట్టి వెళ్తారు, సాయంత్రం దిగేవాళ్ళు నేరుగా దిగొచ్చు."

"అలా ఎలాగండీ? ఒకళ్ళు ఖాళీ చేశాక నిండుగా ఒకసారి శుభ్రం చెయ్యాలి. అది పద్ధతి."

"మీరు చేసింది నిండుగా కాదా?"

"పరుపు తిరగెయ్యాలి."

"మీరు వెయ్యలేదా?"

ఆమె వేసింది. వచ్చిన రోజే వేసింది.

"చూశారా," అని నవ్వింది ఇంటావిడ. "నాకు ఇంకో ఆలోచన కూడా వచ్చింది. వచ్చేవాళ్ళే శుభ్రం చేసి వెళ్ళాలని గోడకి ఒక కాగితం అంటిస్తాను. మీరు చెయ్యగా లేంది వాళ్ళు చెయ్యరా? దాని అవసరమే ఉండదు." ఆవిడ మాటలో చెడ్డతనం లేదు, ఇల్లు చక్కబెట్టుకుంటున్నదాని హుషారు ఉంది, అంతే. అదే ఆమెని మరీ ఇబ్బంది పెట్టింది.

ఆ ఎత్తు ఆమెకి కొత్తది కాదు. ఆమధ్య హోటల్లో కొత్త మేనేజరు ఆకు బొమ్మ వేసిన అట్టలు తెచ్చి గది తలుపులకి లోపలివైపు తగిలించాడు, పర్యావరణం కోసం దిగినవాళ్ళు బయటికి పెట్టుకోవచ్చని. నాకు ఈరోజు శుభ్రం అక్కర్లేదు, అని వాటి మీద రాసి ఉంది. వాటి వెనకాల ఎంతమంది అమ్మాయిల షిఫ్టులు ఎగిరిపోతాయో ఆమె నడుస్తూ నడుస్తూనే లెక్కగట్టింది. తిన్నగా వెళ్ళి తాళాల గుత్తి మేనేజరు బల్ల మీద పెట్టి, అయితే రేపట్నుంచి అంతస్తులు మీరే చూసుకోండి అంది. మూడో రోజుకి అట్టలు మాయమయ్యాయి. అప్పుడు ఎదురుగా ఉన్నది మేనేజరు. అతన్తో మాట్లాడొచ్చు, పోట్లాడొచ్చు. ఇప్పుడు ఎదురుగా ఉన్నది తను వేసిన పక్క. తను ఎన్ని చెప్పినా ఆ గదిలోకి ఒక్క చూపు చూస్తే చాలు, ఇంటావిడ గెలిచేస్తుంది.

సాయంత్రం కూతురు ఫోనులో ఫొటోలు చూపించింది. పాత బస్సు స్టీరింగు ముందు నాన్న, రాతి సింహం పక్కన నానమ్మ. ఆమె ఉన్నవి రెండో మూడో ఫొటోలు. అన్నీ ఈ హాల్లో తీసినవే. అన్నిట్లోనూ చేతిలో గుడ్డ ఉంది.

"ఒకదాంట్లో అయినా మొహం కనిపించేలా తియ్యలేకపోయావా?" అంది ఆమె.

"మొహం కంటే నీ వీపే ఎక్కువసేపు కనిపిస్తుందమ్మా, ఏం చెయ్యను?"

ఆమె అప్పుడు చెప్పింది, టీ గ్లాసుల సంగతీ, మెట్ల దగ్గర సంగతీ. దాచకుండా చెప్పింది. భర్త వింటూ వింటూ కుడికాలితో నేల తొక్కాడు.

"నువ్వు చెప్పకపోతే ఆవిడకి తెలిసేదే కాదుగా," అన్నాడు.

"తెలిసేది కాదు."

"ఎందుకు చెప్పావు మరి?"

"మీ బస్సు ఇంకెవరో నడిపారని అంటే మీరు ఊరుకుంటారా?"

అతను ఆలోచించాడు. "ఊరుకోను," అన్నాడు నిజాయితీగా.

"ఆవిడకి రేపు మనం చెప్దాం," అంది అత్తగారు. "పెద్దదాన్ని, నేను అడుగుతాను."

"మాటలతో లాభం లేదత్తయ్యా."

శుక్రవారం ఆమె వాళ్ళతో బయల్దేరింది. ఎవరూ బతిమాలకుండానే బయల్దేరేసరికి ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నది మీద పడవ. జనం రెయిలింగు పట్టుకుని వంతెనలకేసి వేళ్ళు చూపిస్తున్నారు. రెయిలింగు జిడ్డుగా ఉంది. ఆమె చెయ్యి సంచిలో రుమాలు దాకా వెళ్ళింది. అత్తగారు ఆ చేతి మీద ఒక్కటి వేసింది, చంటిపిల్లని కొట్టినట్టు. చెయ్యి వెనక్కి వచ్చింది.

పడవ వెనకాల నీళ్ళు చీలి, తెల్లగా నురగకట్టి, ఇంతలోనే మళ్ళీ కలిసిపోతున్నాయి. ఎవరూ వెళ్ళనట్టు. తన పనీ అంతే అనుకుంది ఆమె. ఎవరూ ఉండనట్టు చెయ్యడం. గదిలో ముందువాళ్ళు ఏడ్చారో నవ్వారో తర్వాత వచ్చేవాళ్ళకి తెలియకూడదు. అందులో ఆమెని మించినవాళ్ళు లేరు. ఆ మాట ఆమె గర్వంగానే అనుకుంది, ఇప్పుడు కూడా. కానీ మంది గుర్తులు చెరిపి చెరిపి, ఆ చేతి ఊపులోనే తనవి కూడా చెరుపుకుంటూ వస్తోందా? ఈ ఊళ్ళో ఇన్ని రోజులున్న తర్వాత తను ఉన్నట్టు ఏముంది? ఒక మడత. ఆ మడత కూడా చూసినవాళ్ళకి ఇక్కడెవరో పడుకున్నారనిపించదు. ఎవరూ పడుకోలేదనిపిస్తుంది. అంత బాగా వేస్తుంది తను.

నురగ చివర ఒక సీసా తేలుతూ ఆగిపోయింది. అది కలిసిపోలేదు. చూసినంత మేరా కనిపిస్తూనే ఉంది.

తిరిగి వస్తుంటే వీధి చివర మూసిన దుకాణం మెట్టు మీద పనావిడ కూర్చుని ఉంది. ఆమె మిగతావాళ్ళని ముందు వెళ్ళమంది.

"రేపు రావద్దన్నదట కదా."

"అవును మేడమ్."

"నా నోటివల్లే."

పనావిడ తల అడ్డంగా ఊపింది. "మీ పని మీరు చెప్పుకున్నారు. నేను చేసిన పని ఎవరైనా వాళ్ళదంటే నేనూ ఊరుకోను." కాస్త ఆగి అంది, "చెప్పుకోడానికి నాకు ఒక్కటి కూడా మిగల్చలేదు మీరు. అదొక్కటే."

ఆ మాటలో కోపం లేదు. ఉన్నట్టయితే ఆమె తట్టుకునేది.

"రేపు పొద్దున ఇంట్లోనే ఉంటావా?"

"ఎక్కడికి పోతాను?"

"ఫోను చేతికి అందేలా పెట్టుకో."

"ఎందుకు మేడమ్?"

"పెట్టుకో," అంది ఆమె, హోటల్లో షిఫ్టు అప్పగించే గొంతుతో. పనావిడ తెలియకుండానే మెట్టు మీంచి లేచి నిలబడింది.

శనివారం, ఖాళీ చేసే రోజు, ఫలహారాలు అవుతుండగా ఆమె బల్ల తలవైపు నిలబడి చెప్పింది. "ఇవాళ ఎవరూ ఏదీ తియ్యకండి. తిన్నది తిన్నచోట వదిలెయ్యండి. తువ్వాళ్ళు ఎక్కడ పడితే అక్కడ వెయ్యండి. నేనేమీ అనను."

అత్తగారు చెయ్యి చాపి కోడలి నుదురు తాకి చూసింది. "ఒళ్ళు చల్లగానే ఉంది," అంది కొడుకుతో.

"ఇంటావిడ తాళాలకి వచ్చేలోపు ఈ ఇంటికి పనిమనిషి అవసరం పడాలి. మీకు చేతనైనట్టు చెయ్యండి."

మొదట అర్థమయింది కూతురికే. ఆ పిల్ల గుడ్డు పెంకులు గట్టు మీదే వదిలేసి, జడ విప్పి, బాత్‌రూమ్‌లో దువ్వుకుంది. భర్త స్నానం చేసి తడి తువ్వాలు సోఫా మీద పడేశాడు, పడేసి అలవాటుగా ఆమెకేసి భయంగా చూశాడు. అద్దం మీద సబ్బు చుక్కలు. తడికాళ్ళతో హాలంతా ఒక చుట్టు. అత్తగారు కిటికీ పక్క కుర్చీలో, ఒళ్ళో ప్లేటు లేకుండా, బిస్కెట్లు ఒకటి తర్వాత ఒకటి తింటూ కూర్చుంది. "ఈ ఇంట్లో ఇవాళే కడుపునిండా తింటున్నాను," అంది.

ఆమె మాత్రం గోడకి ఆనుకుని, చేతులు వీపు వెనకాల కట్టుకుని నిలబడింది. కట్టుకోకపోతే అవి ఊరుకోవు. సింకులో గ్లాసుల అంచున టీ ఆరిపోయి వలయాలు కడుతోంది. ఇప్పుడు నీళ్ళు పోస్తే చిటికెలో పోతుంది, ఇంకాసేపయితే రుద్దాలి. రుద్దనీ. ఇంకో మనిషి రుద్దడానికే ఉన్నాయి అవి. అయినా వేళ్ళు ఒకదాన్నొకటి గిల్లుకున్నాయి.

ఇంటావిడ తలుపు తట్టి తాళం తిప్పుకుని లోపలికి వచ్చింది. నవ్వుతూ వచ్చింది. రెండడుగులు వేశాక ఆ నవ్వుని ఏం చెయ్యాలో ఆవిడకి తెలియలేదు. కాలి కింద బిస్కెట్టు పొడి కరకరలాడింది.

"ఇదేంటండీ?" అంది. సోఫా చూసింది, సింకు చూసింది, రెండు గదులూ చూసింది. చివరికి ఆమెని చూసింది. ఆ చూపు ఎలా ఉంటుందో ఆమెకి బాగా తెలుసు. ఖాళీ అయిన గదుల్లోకి అడుగుపెట్టినప్పుడు తన మొహం మీద తనే ఎన్నోసార్లు మోసిన చూపు అది. అది తన మీదకి తిరగడం ఇదే మొదటిసారి.

"మీరు హోటల్లో సూపర్‌వైజర్ని అన్నారు?"

"అవునండి. ఇప్పుడు సెలవులో ఉన్నాను."

భర్త దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. అత్తగారు ఒళ్ళు దులుపుకుంది, నేల మీదకే.

"సాయంత్రానికల్లా ఇంకోళ్ళు దిగుతున్నారండీ. నిన్నటిదాకా అద్దంలా పెట్టి, ఇవాళేమో..." ఇంటావిడ మాట మింగేసి ఫోను తీసింది. "ఏమేవ్, ఎక్కడున్నావు? వెంటనే రా. ఆఁ, ఇప్పుడే. మనుషులా వీళ్ళు..." అంటూ సిగ్గుపడి బాల్కనీలోకి నడిచింది. అవతల ఫోను మొదటి మోతకే ఎత్తారు. ఆమె అది గమనించింది.

గుర్తు పెట్టుకోనీ. నవ్వు మొహం నల్లబడేలా చేసి పోయినవాళ్ళని ఈ మనిషి మర్చిపోదు. ఇంక గోడకి అంటించే కాగితం కూడా అంటించదు, ఎవరి మీద నమ్మకంతో అంటిస్తుంది? ఆ ఫ్లాట్లో దిగిన హోటలావిడ ఎంత గలీజు మనిషో అని తర్వాత దిగేవాళ్ళందరికీ చెప్తుంది. చెప్పనీ. ఆమె కాసేపు ఆ మాటని నోట్లో పెట్టుకుని చూసింది, గలీజు మనిషి. అనుకున్నంత చేదుగా లేదు.

భర్తా కూతురూ పెట్టెలు లిఫ్టు దగ్గరికి లాగుతున్నారు. ఆమె తన సంచి కోసం పెద్ద గదిలోకి వెళ్ళింది.

వెళ్ళి, గుమ్మంలోనే ఆగిపోయింది.

మంచం వేసి ఉంది. మూల మడతతో, గలీబు నోరు గోడవైపుకి. ఎప్పుడు వేసిందో ఆమెకి గుర్తు లేదు. తెల్లవారుతూనే, ఇవాళ ఏం చెయ్యాలో ఆలోచిస్తూ ఉండగా, చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. ఇల్లంతా అంత అల్లరిగా ఉంటే, ఈ ఒక్క మంచం మాత్రం ఎవరూ ఈ ఊరు రానే లేదన్నట్టు నున్నగా, తెల్లగా, అమాయకంగా ఉంది.

బాల్కనీలోంచి ఇంటావిడ గొంతు వినిపించింది. "పెద్ద గది బానే ఉందే. దాని జోలికి పోకు. మిగతాది చేస్తే చాలు, ఒక పూటలో అయిపోతుంది."

ఆమె తలుపు దగ్గరగా వేసింది. మంచం దగ్గరికి వెళ్ళి మూల మడత వేళ్ళతో పట్టుకుని లాగింది. గట్టిగా దోపి ఉంది, ఒక్క లాగుకి రాలేదు. రెండు చేతులతో లాగితే అంచు మొత్తం ఊడి వచ్చింది. ఆ గీత మాత్రం దుప్పటి మీద అలాగే నిలిచి ఉంది. దాన్ని రెండు పిడికిళ్ళతో నలిపింది. నలిపి, నిలబడి చూసింది. ఇది ఎవరో మంచాన్ని పాడుచేసినట్టుంది. పడుకున్నట్టు లేదు. ఇంతమంది నిద్రలు చూసిన మనిషికి ఆ తేడా తెలియకపోదు.

"నానమ్మ లిఫ్టులో నిలబడి ఉందమ్మా," అంది కూతురు బయటినుంచి. "ఏం చేస్తున్నావు?"

"వస్తున్నా. ఒక్క నిమిషం పడుకుని వస్తా."

బూట్లు విప్పలేదు. పరుపు మీద కూర్చుని, కాళ్ళు పైకి తీసుకుని, ఎడమవైపుకి ఒత్తిగిలి, దిండు మీద తల పెట్టింది. పెట్టి, బరువంతా వదిలింది. దూది మెల్లగా దిగింది, చెవి దాకా. కాసేపటికి లేచి, సంచి భుజాన వేసుకుని, వంగి చూసింది. గుంట ఒక్కటే. లోతుగా, ఒక పక్కకి వాలి, నిండు నిద్ర పోయినవాళ్ళ గుంటలా ఉంది.

చెయ్యి దాని మీదకి వెళ్ళింది. ఆ చేతిని జేబులో పెట్టుకుని ఆమె బయటికి నడిచింది.